పాఠం చెప్పేవారికి పాఠం నేర్పిన హక్స్‌లీ

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితాన్ని గురించి రాయమని సంపాదకవర్గం వారు కోరగానే నాకు తోచిన పేరు థామస్ హెన్రీ హక్స్‌లీ. డార్విన్ పరిణామ సిద్ధాంతాన్ని సమర్థిస్తూ 1860లో ఆక్స్‌ఫర్డ్ సభలో బిషప్ విల్బర్‌ఫోర్స్‌తో వాదించిన వ్యక్తిగానే ఆయన్ని మనలో చాలామంది ఎరుగుదురు. నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసి రిటైరైన వాడిని. నాకు ఆయన మీద గౌరవం కలగడానికి కారణం వేరు. రేపు బడిలో పిల్లల ముందు నిలబడి నదిని గురించి, వానను గురించి, రాయిని గురించి చెప్పవలసిన ఉపాధ్యాయుణ్ణి ముందుగా ఎలా తయారుచెయ్యాలి అనే ప్రశ్నను ఆయన తన నెత్తిన వేసుకున్నారు. ఆ పనిలో ఆరోగ్యాన్ని కూడా లెక్కచెయ్యలేదు. అంతగా ప్రచారంలోకి రాని ఆ సంగతిని మన సభ్యులకు, వారి పిల్లలకు చెప్పాలన్నదే నా ఉద్దేశం.

రెండేళ్ళ బడి చదువు

హక్స్‌లీ 1825 మే 4న లండనుకు పడమట ఉన్న ఈలింగ్‌లో పుట్టారు. తండ్రి జార్జి హక్స్‌లీ ఆ ఊరి పాఠశాలలో లెక్కల మాస్టారు. ఆ పాఠశాల క్రమంగా దెబ్బతినడంతో కుటుంబం కోవెంట్రీకి తరలిపోయింది. ఎనిమిదో ఏట బడిలో చేరిన పిల్లవాడు పదో ఏట బయటికి వచ్చేశాడు. మాస్టారి ఇంట పుట్టినా ఆయనకు దక్కిన బడి చదువు రెండేళ్ళే.

మిగిలినదంతా స్వయంకృషి. పన్నెండో ఏట తెల్లవారకముందే లేచి, కొవ్వొత్తి వెలిగించుకుని, దుప్పటి భుజాల చుట్టూ కప్పుకుని, పక్కమీదే కూర్చుని హట్టన్ భూగర్భ శాస్త్ర గ్రంథం చదివేవారట. జర్మన్ భాష కూడా సొంతంగానే నేర్చుకున్నారు. అక్కచెల్లెళ్ళను చేసుకున్న డాక్టర్ల ప్రోద్బలంతో వైద్యం వైపు మళ్ళి, 1842లో స్కాలర్‌షిప్పు మీద లండనులోని చేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో చేరారు. అక్కడ చదువుతుండగానే వెంట్రుక కుదురు చుట్టూ ఉండే ఒక పొరను కనిపెట్టి 1845లో ప్రకటించారు. ఇరవయ్యేళ్ళ కుర్రవాడు చూసిన ఆ పొరను నేటికీ వైద్య గ్రంథాలు ఆయన పేరుతోనే పిలుస్తున్నాయి.

చేతిలో డబ్బు లేక నౌకాదళంలో సహాయ వైద్యునిగా చేరి, 1846 నుంచి 1850 వరకు రాటిల్‌స్నేక్ అనే ఓడ మీద ఆస్ట్రేలియా, న్యూగినీ తీరాలు తిరిగారు. ఓడ మీదే సూక్ష్మదర్శిని పెట్టుకుని సముద్ర జీవులను పరిశీలించి, వ్యాసాలు లండనుకు పంపారు. తిరిగి వచ్చాక 1851లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. గౌరవం దక్కింది కాని జీతం దక్కలేదు. సిడ్నీలో మనసిచ్చిన హెన్రియెట్టా హీథార్న్‌ను పెళ్ళి చేసుకోవడానికి 1855 దాకా ఆగవలసి వచ్చింది.

రాళ్ళతో పరిచయం

1854లో లండను జెర్మిన్ వీధిలోని ప్రభుత్వ గనుల పాఠశాలలో ఆయనకు ఉద్యోగం దొరికింది. దానితోపాటు జియలాజికల్ సర్వేలో ప్రకృతి శాస్త్రజ్ఞుడి పని కూడా వచ్చింది. శిలాజాల మీద తనకు ఆసక్తి లేదని మొదట్లోనే చెప్పేశారట. చివరికి తన పరిశోధనలో పెద్ద భాగం వాటి మీదే చేశారు.

ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించిన ముచ్చట ఒకటి ఉంది. స్కాట్లండులో ఎల్గిన్ ఇసుకరాళ్ళలో దొరికిన ఒక ప్రాచీన సరీసృపాన్ని హక్స్‌లీ 1859లో వర్ణించి దానికి హైపెరొడాపెడాన్ అని పేరు పెట్టారు. ఆ తరహా జంతువు ఎముకలే ప్రాణహిత, గోదావరి లోయలో, పూర్వపు ఆదిలాబాదు జిల్లా మలేరి దగ్గరి ఎర్రమట్టి పొరల్లో దొరికాయి. ఈ పోలికను హక్స్‌లీ 1869లో తన వ్యాసంలో తెలియజేశారు. ఇరవై కోట్ల ఏళ్ళకు పైబడిన ఆ పొరల వయసు నిర్ణయించడానికి అది ఆధారమైంది. తరువాత లిడెక్కర్ అనే శాస్త్రజ్ఞుడు మలేరి జంతువుకు హక్స్‌లీ పేరే పెట్టాడు. గోదావరిని ఎన్నడూ చూడని మనిషి పేరు గోదావరి లోయ రాళ్ళలో నిలిచిపోయింది.

ఉద్యోగంలో చేరిన మరుసటి ఏడాది నుంచే ఆయన కార్మికులకు ఉపన్యాసాలు ఇవ్వడం మొదలుపెట్టారు. 1868లో నార్విచ్ పట్టణంలో పనివాళ్ళ ఎదుట ఇచ్చిన ఉపన్యాసానికి సుద్దముక్కనే విషయంగా తీసుకున్నారు. వడ్రంగి జేబులో ఉండే ఆ ముక్కతో మొదలుపెట్టి, అది ఒకనాటి సముద్రం అడుగున పేరుకున్న సూక్ష్మజీవుల పెంకుల ముద్ద అనీ, వాళ్ళ ఊరంతా ఆ సుద్దపొర మీదే ఉందనీ మెట్టు మెట్టుగా చూపించారు. మన బడుల్లో వాడిన సుద్దముక్కలు చాలావరకు జిప్సంతో చేసినవి కనుక అదే కథ వాటికి వర్తించదు. కాని చేతిలో ఉన్న వస్తువుతో మొదలుపెట్టి భూమి చరిత్రలోకి వెళ్ళే దారి మాత్రం ఎక్కడైనా ఒకటే.

మార్కులను బట్టి డబ్బు

ఆనాటి ఇంగ్లండులో ఉపాధ్యాయులు ఎలా తయారయ్యేవారో కొంచెం చెప్పాలి. పదమూడేళ్ళ పిల్లవాడిని బడిలోనే చిన్న మాస్టారుగా పెట్టుకుని, ఐదేళ్ళు పెద్ద మాస్టారి కింద పని నేర్పేవారు. తరగతిని అదుపులో ఉంచడం, నల్లబల్ల వాడడం, ఒప్పచెప్పించుకోవడం అతనికి బాగా పట్టుబడేవి. చెప్పవలసిన విషయం మీద మాత్రం పట్టు ఉండేది కాదు.

దీనికి తోడు 1859 నుంచి ప్రభుత్వ విజ్ఞాన, కళా శాఖ వారు ఒక పద్ధతి పెట్టారు. విజ్ఞాన పరీక్షల్లో పిల్లలు ఎంతమంది, ఏ శ్రేణిలో ప్యాసైతే ఆ లెక్కన ఉపాధ్యాయునికి డబ్బు ముట్టేది. దీనివల్ల దేశమంతటా సైన్సు తరగతులు వెలిశాయి. అది మంచిదే. అయితే మాస్టారు రాత్రి పుస్తకం చదివి పగలు అప్పజెప్పడం, పిల్లలు దాన్ని మళ్ళీ పరీక్షలో అప్పజెప్పడం కూడా పెరిగిపోయింది. ఆ శాఖకు ఏళ్ళ తరబడి పరీక్షకుడిగా ఉన్న హక్స్‌లీ ఈ తంతును దగ్గరగా చూశారు. జవాబు పత్రాల్లో మాటలున్నాయి, చూసిన కళ్ళు లేవు. తప్పు పిల్లలది కాదు, వస్తువును చేత్తో పట్టుకోకుండానే దాన్ని బోధించవలసి వచ్చిన మాస్టారి స్థితిది అని ఆయన గ్రహించారు.

ఇది ఇంగ్లండుకే పరిమితమైన జబ్బు కాదు. నేను ఛాత్రోపాధ్యాయుల బోధనాభ్యాసం పరిశీలించడానికి ఎన్నో బడులకు వెళ్ళాను. ఒక చోట ఒక అబ్బాయి శిలలు అనే పాఠం చెబుతున్నాడు. లెసన్ ప్లాను ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు. అగ్నిశిల, అవక్షేపశిల, రూపాంతర శిల అని రంగుల చార్టు కట్టాడు. చివరి బెంచీ కుర్రవాడొకడు లేచి, మన బడి మెట్లు ఇందులో ఏ రాయండీ అని అడిగాడు. పాఠం చెప్పే అబ్బాయి మెట్ల వైపు చూశాడు, చార్టు వైపు చూశాడు, ప్రశ్నలు చివర్లో అడగమన్నాడు. మెట్లు నల్లగ్రానైటువి. అతను పొద్దున్నే వాటిమీదుగానే ఎక్కి వచ్చాడు. ఆ అబ్బాయి తెలివితక్కువవాడు కాదు. అతనికి ఎవరూ ఒక రాతిముక్క చేతిలో పెట్టి చూడమనలేదు, అంతే.

1871 వేసవి తరగతి

1870లో ఇంగ్లండులో ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. లండను స్కూలు బోర్డుకు జరిగిన మొదటి ఎన్నికల్లో హక్స్‌లీ గెలిచి, పాఠ్య ప్రణాళిక తయారుచేసే సంఘానికి అధ్యక్షులయ్యారు. బీదపిల్లల బడుల్లో చదవడం, రాయడం, లెక్కలతోపాటు ప్రకృతి విజ్ఞానం, చిత్రలేఖనం, సంగీతం, వ్యాయామం ఉండాలని పట్టుబట్టారు. అయితే వెంటనే ఎదురైన ప్రశ్న ఒకటే. ఇవన్నీ చెప్పేవారేరీ?

దానికి ఆయన ఇచ్చిన సమాధానం 1871 వేసవిలో సౌత్ కెన్సింగ్టన్‌లో తాత్కాలికంగా దొరికిన గదుల్లో నడిపిన ఉపాధ్యాయుల తరగతి. దేశంలోని వేర్వేరు బడుల నుంచి సైన్సు మాస్టర్లను పిలిపించారు. మైకేల్ ఫోస్టర్, రూథర్‌ఫర్డ్, రే లాంకెస్టర్ అనే ముగ్గురు యువ శాస్త్రవేత్తలు ఆయనకు సహాయకులు. జెర్మిన్ వీధిలో చోటు చాలక ఆయన అన్నేళ్ళూ ఉపన్యాసాలతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇక్కడ ఆ లోటు తీరింది. ఉదయం ఉపన్యాసం, ఆ వెంటనే బల్లల దగ్గర పని. పొద్దున చెప్పినదాన్ని అదే రోజు ప్రతి మాస్టారూ తన చేత్తో కోసి, సూక్ష్మదర్శినిలో చూసి, బొమ్మ గీసుకోవాలి. ఎన్నో జీవుల పేర్లు వల్లించే బదులు ఈస్టు, చిక్కుడు మొక్క, ఆల్చిప్ప, కప్ప వంటి కొద్దింటినే క్షుణ్ణంగా చూడాలి. ఈ అనుభవం మీదనే ఆయన మార్టిన్ అనే శిష్యుడితో కలిసి 1875లో జీవశాస్త్ర ప్రయోగాలకు పాఠ్యపుస్తకం రాశారు. అప్పటివరకు సైన్సు చెబుతూ వచ్చిన మాస్టర్లలో చాలామందికి ప్రయోగశాల బల్ల ముందు కూర్చోవడం అదే మొదటిసారి.

ఆ శ్రమకు ఆయన మూల్యం చెల్లించారు. 1871 చివరికి ఆరోగ్యం పూర్తిగా పాడైంది. 1872లో స్కూలు బోర్డు పదవి వదులుకుని, కొన్ని నెలలు ఈజిప్టు వెళ్ళి విశ్రాంతి తీసుకోవలసి వచ్చింది. పెద్ద కుటుంబం, చాలీచాలని రాబడి. ఆయన ఇబ్బంది గమనించిన డార్విన్ మొదలైన మిత్రులు 1873లో 2,100 పౌన్లు పోగుచేసి, నొచ్చుకోకుండా తీసుకొమ్మని నచ్చజెప్పారు. జీతం మీద బతికిన మనకు ఆ డబ్బు తీసుకోవడం ఆయనకెంత కష్టమై ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

మీ ఊరి నదితో మొదలుపెట్టండి

వేసవి తరగతి జీవశాస్త్రానిది. భూమి పాఠాల విషయంలో హక్స్‌లీ చేసిన పని అంతకుముందే మొదలైంది. 1869లో లండను ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం వరసగా ఉపన్యాసాలిచ్చి, 1870లో వాటిని సౌత్ కెన్సింగ్టన్‌లో మళ్ళీ ఇచ్చారు. అవే 1877లో ఫిజియోగ్రఫీ అనే పుస్తకంగా వచ్చాయి. భూగోళం ధ్రువాల దగ్గర నొక్కుకున్న గోళాకారంలో ఉందనే నిర్వచనంతో మొదలయ్యే పాఠ్యపుస్తకాలంటే ఆయనకు గిట్టేది కాదు. ఆయన పుస్తకం లండను వంతెన మీద నిలబడి థేమ్స్ నదిని చూడడంతో మొదలవుతుంది.

ఆ నీరు ఎక్కడనుంచి వచ్చింది? ఊటల నుంచి. ఊటలకు నీరెక్కడిది? వాన, మంచు. వానకు ఆవిరెక్కడిది? అలా గాలిలోకి, సముద్రంలోకి వెళతారు. నది నేలను కోయడం, మంచుగడ్డలు కొండలను అరగదీయడం, అగ్నిపర్వతాలు, భూకంపాలు, పగడపు దీవులు, థేమ్స్ పరీవాహక ప్రాంతం అడుగున ఉన్న రాతిపొరలు ఒక్కొక్కటే వస్తాయి. భూమి ఆకారం, చలనం దాదాపు చివర చెప్పి, అన్నిటికీ శక్తినిచ్చే సూర్యుడితో ముగిస్తారు. ఒక ప్రశ్నకు జవాబు చెప్పగానే అందులోంచి మరో ప్రశ్న పుడుతుంది. పాఠం అనేది ఎలా అల్లుకోవాలో ఛాత్రోపాధ్యాయులకు చూపడానికి అంతకన్నా మంచి నమూనా నాకు కనబడలేదు.

ఉపాధ్యాయులకు సంబంధించినంతవరకు ఆ పుస్తకంలో అన్నిటికన్నా విలువైన మాట ముందుమాటలో ఉంది. థేమ్స్‌ను పట్టుకు కూర్చోనక్కరలేదనీ, తెలివిగల ఏ ఉపాధ్యాయుడైనా తన బడి ఉన్న ప్రాంతంలోని నదిని ఇదే విధంగా వాడుకోగలడనీ ఆయన స్పష్టంగా చెప్పారు. మన వాళ్ళు చాలాకాలం ఈ మాటను పట్టించుకోకుండా థేమ్స్‌నే వల్లింపజేశారు. ఈ సలహా ప్రకారం నేను మా ఛాత్రోపాధ్యాయుల చేత శ్రావణమాసంలో గోదావరి ఎర్రనీరు గ్లాసులోకి పట్టించి, కదపకుండా రాత్రంతా ఉంచమనేవాడిని. తెల్లారేసరికి పైన తేట, అడుగున ఒండ్రు. ఈ మట్టి ఏ కొండది, ఎవరి పొలానిది, ఇదంతా ఎక్కడికి పోతుంది అని పిల్లల్ని అడిగితే, త్ర్యంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించే నది కథ, కోనసీమ నేల పుట్టుక కథ ఆ గ్లాసులోంచే బయటికి వస్తాయి. దీనికి కావలసింది ఒక గ్లాసు, ఒక రాత్రి.

ఒక శిష్యుడి సంగతి

వేసవి తరగతిలో మొదలైన పని క్రమంగా స్థిరపడింది. 1872లో హక్స్‌లీ తరగతులు సౌత్ కెన్సింగ్టన్‌లోని కొత్త భవనానికి మారాయి. 1881లో ఆ విద్యాలయానికి నార్మల్ స్కూల్ ఆఫ్ సైన్స్ అని పేరుపెట్టి ఆయన్నే డీనుగా నియమించారు. నార్మల్ స్కూలు అంటే ఉపాధ్యాయ శిక్షణాలయం. పూర్వం మద్రాసు రాజధానిలోనూ ట్రైనింగు బడులను ఇలాగే పిలిచేవారు. అక్కడ భూగర్భ శాస్త్రం చెప్పినవారు జాన్ వెస్లీ జడ్. 1890లో అది రాయల్ కాలేజ్ ఆఫ్ సైన్స్‌గా మారి, 1907లో ఇంపీరియల్ కాలేజీలో కలిసింది.

1884లో అక్కడికి శిక్షణ పొందే ఉపాధ్యాయునిగా వారానికి ఒక గినీ భత్యం మీద వచ్చిన కుర్రవాడు హెర్బర్ట్ జార్జ్ వెల్స్. తరువాతి కాలంలో కాలయంత్రం, అంగారక గ్రహవాసుల దండయాత్ర కథలతో ప్రపంచ ప్రసిద్ధుడైన రచయిత అతనే. హక్స్‌లీ పాఠాలు అతనికి దక్కినవి కొద్దికాలమే. అయినా ఆ ఏడాదిని జీవితమంతా తలుచుకున్నాడు. జీవశాస్త్రంలో రాణించిన ఆ విద్యార్థే 1887లో భూగర్భ శాస్త్రం పరీక్ష తప్పాడు! పట్టుదలతో 1890లో ప్రైవేటుగా డిగ్రీ పూర్తిచేసి, బడిపంతులుగా పనిచేస్తూ, 1893లో గ్రెగరీ అనే మిత్రుడితో కలిసి ఫిజియోగ్రఫీ మీదనే పాఠ్యపుస్తకం రాశాడు. ఒకసారి పరీక్ష తప్పినవాడు మంచి పంతులు కాలేడని అనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మిగిలిపోయిన పని

ఆయన ప్రయత్నమంతా ఫలించిందని చెప్పలేము. ఫిజియోగ్రఫీ పరీక్షల్లో ఒక సబ్జెక్టు అయింది, వేలమంది రాశారు. కాని డబ్బు మార్కులతో ముడిపడి ఉన్నంతకాలం ఆ సబ్జెక్టు కూడా కంఠస్థం పాలయింది. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి భౌగోళిక శాస్త్రం ఒకవైపు, సామాన్య శాస్త్రం మరొకవైపు దాన్ని పంచుకున్నాయి. పైగా హక్స్‌లీ ఉపాధ్యాయుడికి విషయం నేర్పారే కాని, అతని వెంట తరగతి గదికి వెళ్ళి పాఠం ఎలా చెబుతున్నాడో చూసే ఏర్పాటు చెయ్యలేదు. చిన్న మాస్టర్ల పద్ధతిలో తరగతి ఉంది, విషయం లేదు. కెన్సింగ్టన్‌లో విషయం ఉంది, తరగతి లేదు. ఈ రెంటినీ కలపవలసిన భారం తరువాతి శిక్షణ కళాశాలల మీద పడింది. ఆ పని పూర్తయిందని నా సర్వీసు మొత్తంలో ఎప్పుడూ అనిపించలేదు.

విశ్రాంత జీవితం

1883లో రాయల్ సొసైటీ అధ్యక్షులైన హక్స్‌లీ, ఆరోగ్యం సహకరించక 1885లో అరవయ్యో ఏట ఉద్యోగ విరమణ చేశారు. 1890లో సముద్రతీరాన ఈస్ట్‌బోర్న్‌లో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డారు. అక్కడ తోటపని మీద పడి, రాళ్ళ మధ్య పెరిగే కొండమొక్కలను ఎంతో మక్కువతో పెంచారు. వ్యాసాలు రాయడం మాత్రం మానలేదు. 1895 జూన్ 29న కన్నుమూశారు. 1860లో నాలుగేళ్ళైనా నిండకుండా పోయిన పెద్దకొడుకు నోయెల్ సమాధి పక్కనే ఆయన్ని ఖననం చేశారు.

కుమారుడు లెనార్డ్ బడి పంతులయ్యాడు. మనవడు జూలియన్ హక్స్‌లీ 1946లో యునెస్కో మొదటి డైరెక్టర్ జనరల్ అయ్యాడు. మరో మనవడు ఆల్డస్ రచయితగా పేరు తెచ్చుకున్నాడు. ఈలింగ్ లెక్కల మాస్టారి ఇంట్లో ఆగిపోయిన చదువు మూడో తరానికి అంతగా విస్తరించింది.

మన సభ్యుల ఇళ్ళలో నేడు బి.ఇడి., డి.ఇడి. చదువుతున్న మనవలు, మనవరాళ్ళు ఉన్నారు. వారిలో ఎవరైనా బోధనాభ్యాసానికి వెళ్ళబోతూ భూమి పాఠాలకు చార్టులు గీసుకుంటూ కనబడితే, ఆ చార్టు పక్కన పెట్టించి ఒక పూట ఊరి చెరువుకో, వాగుకో, గుట్టకో తీసుకువెళ్ళండి. అక్కడి మట్టిని, రాతిని చేతికిచ్చి, ఇది ఇక్కడికి ఎలా వచ్చిందో చెప్పమని అడగండి. మనకు తీరిక ఉంది, ఊరి నేల తెలుసు. రేపు తరగతిలో చివరి బెంచీ కుర్రవాడు అడిగే ప్రశ్నకు వారి దగ్గర జవాబు ఉంటుంది.